ఒకాయన పేరు మీద నాలుగు ఫోన్లు

తెలుగు ఎమ్మే చదివిన పిల్లకి ఉద్యోగమెక్కడ దొరుకుతుందని మా ఊళ్లో అందరూ జాలిపడ్డారు. తీరా పెళ్లయి హైదరాబాద్ వచ్చాక, తెలుగు బాగా వచ్చా అని అడిగి మరీ ఉద్యోగమిచ్చింది రాయదుర్గం మెట్రో పక్కనున్న ఒక అద్దాల ఆఫీసు. పద్యాలు చెప్పడానికి కాదు లెండి. గల్ఫ్‌లో ఒక ఫోన్ కంపెనీ ఉంది. అక్కడికి కూలి పనులకు వెళ్లిన మనవాళ్లు దాని సిమ్ములు వాడతారు. సిమ్ము పని చేయకపోయినా, రీచార్జి పడకపోయినా వాళ్లు అక్కడ నంబరు నొక్కితే ఇక్కడ నా చెవిలో మోగుతుంది. వాళ్లకు తెలుగులో సమాధానం చెప్పడమే నా పని.

మాది గోదావరి పక్క. నోరు తెరిస్తే అండి వస్తుంది. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు. చేరిన కొత్తలో ఒకాయన నా మాటలన్నీ ఓపిగ్గా విని, "నువ్వు గింత మర్యాదగ మాట్లాడుతున్నవంటే నా పని కానట్టే గదక్కా?" అన్నాడు. నిజంగానే కాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

కస్టమర్ అంటే ఎలా ఉంటాడో మాకు శిక్షణలో నేర్పారు. ఫోన్ చేస్తాడు, సమస్య చెబుతాడు, విసుక్కుంటాడు, మనం తీర్చాక మార్కులేస్తాడు. మనవాళ్లు ఇందులో ఒక్కటీ చేయరు. ముందు వాళ్ల ఊరు పేరు చెబుతారు. నాది ఏ ఊరని అడుగుతారు. అన్నం తిన్నానో లేదో కనుక్కుంటారు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంటుంది కాబట్టి గదిలో మిగతావాళ్లు కూడా తలా ఒక మాట వేస్తారు. చిట్టచివరికి, వారం రోజులుగా ఫోన్ పనిచేయడం లేదన్న సంగతి, అదీ తప్పంతా తమదే అన్నట్టు బయటపెడతారు. "మీకేం తక్లీఫ్ ఇస్తలేను గదా?" అని ఒకటి పైన. చుట్టాలింట్లో కూరలో ఉప్పెక్కువైతే నోరు మూసుకుని తినే మనిషి తీరు అది. పరాయి దేశంలో గట్టిగా అడిగితే ఉన్నది కూడా ఊడుతుందని వాళ్ల భయం. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "గట్టిగా అడగండయ్యా, ఊరికే ఇస్తున్నారా వాళ్లు?" అని నేనే వాళ్ల తరఫున కంపెనీని తిట్టిన రోజులున్నాయి. అలాంటి రోజున మా టీం లీడర్ నన్ను పక్కకు పిలిచి మాట్లాడేవాడు.

ఇంకో అలవాటు ఉంది వాళ్లకి. అక్కడ సిమ్ము కొనాలంటే ఆ దేశం ఇచ్చే గుర్తింపు కార్డు కావాలి. కొత్తగా దిగినవాడికి ఆ కార్డు వెంటనే రాదు. అప్పటిదాకా ఇంటికి ఫోన్ చేయకుండా ఎలా ఉంటాడు? అందుకని గదిలో ముందునుంచీ ఉన్న పెద్దాయన తన కార్డు మీద సిమ్ము తీసి ఇస్తాడు. తరవాత వీడికీ కార్డు వస్తుంది. కానీ వెళ్లి సిమ్మును తన పేరు మీదకు మార్చుకోడు. మార్చుకుంటే ఆ అన్న ఏమనుకుంటాడో అని మొహమాటం. అలా ఏళ్లు గడిచిపోతాయి. నా తెరమీద ఒకే పేరు కనిపిస్తుంది, నాలుగు రకాల గొంతులు ఆ పేరుతో పలుకుతుంటాయి. పేరు అడిగినప్పుడు ఒక్క క్షణం తడబడ్డాడంటే అసలు మనిషి కాదని మాకు తెలిసిపోతుంది. చిన్నచిన్న పనులకైతే మేమూ పట్టించుకోం.

ఆ శుక్రవారం పొద్దున వచ్చిన ఫోన్ కూడా అలాంటిదే అనుకున్నాను. వాళ్లకు సెలవు రోజు కాబట్టి శుక్రవారం మాకు ఊపిరాడదు. ఈ మనిషి ఊరు చెప్పలేదు, నేను తిన్నానో లేదో అడగలేదు. నేరుగా పనిలోకి దిగాడు.

"అక్కా, నా పేరు మీద ఇంకో నంబరుంది. దానికి ఎవరన్న చేస్తే సిగ్నల్ లేదని రావాలె. బంద్ కావొద్దు, మోగొద్దు. గట్ల పెట్టనీకొస్తదా?"

అలాంటి సదుపాయం ఏ కంపెనీలోనూ లేదన్నాను. "జర చూడక్కా," అన్నాడు. సరే, ఏ మార్పు చేయాలన్నా ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి కాబట్టి అడిగాను. పుట్టిన తేదీ జనవరి ఒకటి అన్నాడు. అందులో అనుమానించడానికేం లేదు, మాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది బడిలో పంతులు పుణ్యమా అని ఆ రోజే పుట్టారు. తండ్రి పేరు సరిగ్గానే చెప్పాడు. ఆఖరున, "మాట్లాడుతున్నది ఖాతాదారేనా అండి?" అని అడిగాను. రూలు ప్రకారం అడిగే ప్రశ్న అది.

 ఆయన జవాబు చెప్పకముందే వెనకనుంచి మరో గొంతు వినిపించింది. "చెప్పురా అక్కకు. ఎన్నిమాట్లని అబద్ధమాడ్తవ్?"

"ఆయన లేడక్కా," అన్నాడు ఈయన. "మొన్న పొద్దుగాల డ్యూటీకి లేపితే లేవలే."

 అయ్యో అన్నాను. ఆ ఒక్క మాటకే ఆయన ఏడుపు ఆపుకోలేకపోయాడు. వెనకున్న మనిషి ఫోన్ తీసుకుని మిగతాది చెప్పాడు.

ఆ గదిలో నలుగురు. నలుగురిదీ ఒకే ఊరు, ఇళ్లు కూడా ఒకే వాడలో. పోయినాయన అందరికంటే ముందు వచ్చినవాడు, నాలుగు సిమ్ములూ ఆయన పేరు మీదే ఉన్నాయి. నిద్రలోనే గుండె ఆగింది. శవం దవాఖానలో ఉంది. కాగితాలన్నీ తయారై విమానమెక్కించడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఊళ్లో ఆయన అన్నకు చెప్పారు. అన్నా పెద్దమనుషులూ కూర్చుని, శవం శంషాబాద్‌లో దిగేదాకా భార్యకు తెలియనివ్వొద్దని తీర్మానించారు. ఎడారిలో వేరే పనికి పంపారని, అక్కడ సిగ్నల్ ఉండదని ఆమెకు చెప్పి పెట్టారు. ఆమె నమ్మినట్టే నమ్మి, పొద్దునా సాయంత్రం ఫోన్ చేస్తూనే ఉంది.

"దిండు కింద మోగుతనే ఉంటది అక్కా. ఎత్తలేం. బంద్ చేద్దామంటే చేతులొస్తలేవు. బంద్ అయితే భయపడ్తదని రోజూ చార్జింగ్ పెడ్తున్నం."

జాలితోపాటు నాకు ఒళ్లు మండింది. మొగుడు పోయిన సంగతి ఊరందరికీ తెలిసి పెళ్లానికి తెలియకపోవడమేమిటి? పిలిచి పీట వేసి అడిగితే పెద్దమనుషులు దొరుకుతారు గానీ, ఆవిడని అడిగినవాళ్లెవరు? అదే అనేశాను. "ఆవిడకి చెప్పకుండా దాచడానికి మీరెవరండీ?" అన్నాను. ఉద్యోగం సంగతి గుర్తుకు రాలేదు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "మీ దిక్కు ఎట్లనో నాకు తెల్వదక్కా. చెప్తే ఆమె ఏం చేస్తది? మనిషి కండ్ల ముందర లేకపాయె. దినాలు మొదలువెట్టనీకి రాదు, స్నానం చేయనీకి రాదు. ఎన్ని రోజులైతే గన్ని రోజులు ఏడ్సుకుంట కూసునుడే గదా. ఆయన వచ్చినంక ఎట్లాగూ ఏడుస్తది. రెండుమాట్లు ఎందుకు సంపాలె ఆమెను?"

  నాకు తెలిసింది కంపెనీ రూల్సే కాబట్టి అవి చెప్పాను. శవాన్ని పంపాలంటే ముందు ఆయన గుర్తింపు కార్డు రద్దు చేస్తారు. అది రద్దయిన రోజున ఆ పేరు మీదున్న నంబర్లన్నీ వాటంతట అవే ఆగిపోతాయి. మీ ముగ్గురూ మీ కార్డులు పట్టుకెళ్లి మీ పేర్ల మీద కొత్త సిమ్ములు తీసుకోండి అన్నాను.

"అన్న నంబరు నా పేరు మీదికి మార్చుకోనీకొస్తదా? బంద్ గాకుండ ఉంటది."

"దానికి ఖాతాదారే దుకాణానికి వచ్చి సరేననాలండి."

"ఆయన యాడికెల్లి వస్తడక్కా," అన్నాడాయన. వెనక ఇందాకటి ఏడుపు మళ్లీ మొదలైంది.

మరణవార్త మేం నమోదు చేయాలంటే కుటుంబమే కాగితం పంపాలి. ఫోన్‌లో విన్నమాట చెల్లదు. అందుకని ఆ కాల్‌కు కారణమని ఉన్న గడిలో నెట్‌వర్క్ సమస్య అని రాసి, తరవాతి ఫోన్ ఎత్తాను. ఎవరికో రీచార్జి పడలేదు. ఆయన ఊరు చెప్పి, తిన్నావా అక్కా అని అడిగాడు. తిన్నానన్నాను. తినలేదు, ఆ మధ్యాహ్నం నాకు తినబుద్ధి కూడా కాలేదు.

అప్పట్నుంచి పొద్దున్నే లాగిన్ అవగానే పోయినాయన నంబరు సిస్టంలో కొట్టి చూడడం అలవాటైంది. వాడుకలో ఉంది అని కనిపిస్తే ఎందుకో ఊపిరి తీసుకునేదాన్ని. ఆమె ఇంకా ఫోన్ చేస్తూనే ఉంటుంది, అక్కడ దిండు కింద మోగుతూనే ఉంటుంది అనుకునేదాన్ని. ఇంట్లో మా ఆయనతో అంటే, ఆఫీసు సంగతులు ఆఫీసులోనే వదిలేసి రావాలన్నాడు. ఆయన మాత్రం ఏనాడూ వదిలి రాలేదు. మణికొండలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్యది సిరిసిల్ల దగ్గర. మెట్లు ఊడుస్తుంటే ఆగి, ఊరూ పేరూ లేకుండా ఈ సంగతి చెప్పాను. ఆమెకు వింతగా అనిపించలేదు. "మా దిక్కు గట్లనే చేస్తరమ్మా. ఏడుపు యాడికి పోతది, ఆగుతది," అంది. మరి నీకే అలా జరిగితే చెప్పాలా వద్దా అని అడిగాను. చీపురు గోడకానించి నావైపు తిరిగింది. "గసొంటి మాట నోట్లకెల్లి తియ్యకు," అని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. అడగకూడనిది అడిగినందుకు నాకు సిగ్గేసింది.

ఒకరోజు పొద్దున నాలుగు నంబర్ల పక్కనా రద్దు అని వచ్చేసింది.

ఆ సాయంత్రమే ఆ గదిలోనుంచి ఫోన్ వచ్చింది. తెలుగు ఫోన్లు ఎత్తేది ఇద్దరు ముగ్గురమే కాబట్టి నాకే పడిందో, నేను దొరికేదాకా వాళ్లే చేస్తూ ఉన్నారో. ముగ్గురికీ కొత్త సిమ్ములు వచ్చాయట. ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు ఫోన్ తీసుకుని, తమ తమ పేర్లు చెప్పారు. వాళ్ల సొంత పేర్లు వినడం నాకదే మొదటిసారి. పొద్దున్నుంచి ఫోన్లు కలవక ఇళ్లలో ఆడవాళ్లు పరేషాన్ అవుతారని, సిమ్ములు వేయగానే ఇంటికి మాట్లాడేశారట. కార్డు కూడా రద్దయింది కాబట్టి ఇక శవం తొందర్లోనే కదులుతుందన్నారు. మంచి పని చేశారన్నాను. ఒకే వాడలో నాలుగు ఇళ్లలో ఫోన్లు ఒకే పొద్దున ఆగిపోయి, సాయంత్రానికి మూడిళ్లలోనే మోగితే ఏమవుతుందో వాళ్లకు తట్టలేదు. అంత తెలివైనదాన్ని, నాకూ తట్టలేదు.

మర్నాడు ఆమె ఫోన్ చేసింది.

ఇక్కడున్న ఇంటివాళ్లు అక్కడివాళ్లకు రీచార్జి చేయించడానికి మాకొక నంబరుంది. దానికి చేసింది. గొంతు చిన్నది, మాట నిదానం. ఊరు చెప్పింది. "తిన్నవా అక్కా?" అని అడిగింది. ఆ తరవాత ఒక్కొక్క అంకే నంబరు చెప్పడం మొదలుపెట్టింది. సగంలోనే నాకు అర్థమైపోయింది. అయినా చివరిదాకా చెప్పనిచ్చాను.

"గీ నంబరు నిన్నటిసంది ఎందుకు కలుస్తలేదక్కా?"

"ఆ లైను ఆగిపోయిందమ్మా."

"మా వాడకట్టోళ్లయి గూడ ఆగినయి. మాపటికి కొత్త నంబర్లు తీసుకొని అందరు ఫోన్లు చేసిన్రు. మా ఆయనది గూడ కొత్తది ఉంటది గదా. గది చెప్పు."

"ఇంకొకరి నంబరు మేం చెప్పకూడదమ్మా. రూలు ఒప్పుకోదు."

"సరే, చెప్పకు. ఉందా లేదా, గదొక్కటి చెప్పు."

అది కూడా చెప్పకూడదు. నా ముందు తెరమీద ఆయన పేరూ, జనవరి ఒకటీ, నాలుగు రద్దులూ ఉన్నాయి. చూస్తున్నానమ్మా అన్నాను. చూడడానికి ఇంకేం లేదు. తలుపు తట్టినవాళ్లకి ఇంట్లో ఉండి పలకని మనిషిలా కూర్చున్నాను. ఈ పెద్దమనుషులనీ, ఎడారిలో సిగ్నల్ లేదన్న అబద్ధాన్నీ అన్ని రోజులు తిట్టుకున్నదాన్ని, నా వంతు వచ్చేసరికి నేనూ అదే చేస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది. అది వినిపించకుండా మైకు కట్టేశాను.

"ఉన్నవా అక్కా?" అంది.

మైకు మళ్లీ వేసి, ఉన్నానన్నాను.

"నువ్వు చెప్పకున్నా పర్వాలేదు. పది పదిహేనొద్దుల సంది మా తోటికోడలు నన్ను బిందె ముట్టనిస్తలేదు. మా అత్త ఎన్నడు లేంది నాకు పిలిచి అన్నం పెడ్తుంది. నేను ఎటన్న చూస్తుంటె అందరు నా మెడ దిక్కు చూస్తున్నరు. గప్పుడే అనుకున్న. కాదు, కాదు అని దినాం ఫోన్ చేసిన. మోగుతుంటె ఉన్నడనే అనిపిస్తుండె."

"అమ్మా," అన్నాను. 

"నాకు తెల్సిందని ఆ గదిలోళ్లకు చెప్పకక్కా. నీకు ఫోన్ చేస్తరు గదా వాళ్లు. మస్తు పరేషాన్ల ఉన్నరు. మా బావకు గూడ తెల్వొద్దు."

"ఎందుకమ్మా? ఒక్కదానివే ఎలా మోస్తావు?" అన్నాను. ఇన్ని రోజులూ ఎవరు ముందు చెబుతారా అని నేను కొట్టుకుంటుంటే, ఈమె చెప్పొద్దంటోంది.

"తెల్సిందంటే ఇయ్యాల్నే మూలకు కూసోపెట్టి గాజులు తీపిస్తరు. ఆయన వచ్చేదాక తియ్యనియ్య. బొట్టు పెట్టుకొని ఎదురు పోత. నన్నెప్పుడు అట్లనే చూసిండు, గిప్పుడు గూడ అట్లనే చూడాలె."

చూడడానికి ఆయన కళ్లుండవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు. ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే ముఖం చూసి ఇంట్లో పసిగడతారని ఏడవడం లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. మా టీం లీడర్ దూరంనుంచి వాచీ చూపిస్తున్నాడు. కాసేపాగమని చేత్తో సైగ చేశాను.

అంతలో అవతల తలుపు చప్పుడైంది. ఎవరో పెద్దావిడ గొంతు, ఎవరితోనే మాట్లాడుతున్నవని అడిగింది. ఆమె ఒక్కసారిగా గొంతు పెంచింది. ఇందాక నాతో మాట్లాడిన మనిషే కాదన్నట్టు, కాస్త విసుగుతో, కాస్త నవ్వుతో, ఇల్లంతా వినిపించేలా అడిగింది.

"అయితే సిగ్నల్ లేకనే అంటవా అక్కా?"

"అవునమ్మా," అన్నాను. "అక్కడ సిగ్నల్ లేదు."

నా మాట ఆ ఇంట్లో ఆమె ఒక్కతికే వినిపిస్తుంది. అయినా మళ్లీ ఒకసారి చెప్పమంది, చెప్పాను.